21 పరుగుల టర్కీ, 27 బంతుల ఎస్టోనియా

2019 ఆగస్టు చివర్లో బుకారెస్ట్‌కు ఉత్తరాన, మోరా వ్లసియెయి అనే ఊళ్లో కాంటినెంటల్ కప్ అనే క్రికెట్ టోర్నీ జరిగింది. ఆస్ట్రియా, చెక్ రిపబ్లిక్, లక్సెంబర్గ్, రుమేనియా, టర్కీ: అయిదు జట్లు, నాలుగు రోజులు. టర్కీ మొదటి రోజే రెండు మ్యాచ్‌లు ఆడి రుమేనియా చేతిలో 53కి, లక్సెంబర్గ్ చేతిలో 28కి ఆలౌటయింది. మర్నాడు చెక్ జట్టు 4 వికెట్లకు 278 కొట్టింది. అంతర్జాతీయ టీ20ల్లో అప్పటికి అఫ్గానిస్తాన్ పేరిట ఉన్న అత్యధిక స్కోరుతో అది సమం. సుదేశ్ విక్రమశేఖర 35 బంతుల్లో సెంచరీ చేసి, అన్నే బంతుల్లో వంద కొట్టిన రోహిత్ శర్మ, డేవిడ్ మిల్లర్‌ల సరసన నిలిచాడు. జవాబుగా టర్కీ చేసింది 21. ఆ తర్వాతి రోజు ఆస్ట్రియా మీద 32.

ఆ టర్కీ జట్టులో ఉస్మాన్ గోకర్ అనే ఆయన వయసు 59 దాటింది. అంతర్జాతీయ టీ20ల్లో అంత పెద్ద వయసులో అరంగేట్రం చేసినవారు అప్పటికి ఎవరూ లేరు. మనవలను ఆడించే ఈడులో దేశం తరఫున ప్యాడ్లు కట్టుకున్న మనిషి అంటే నాకు గౌరవం.

ఇవి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎలా అవుతాయని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 2019 జనవరి 1 నుంచి తన సభ్య దేశాల మధ్య జరిగే పురుషుల టీ20లన్నిటికీ ఐసీసీ అంతర్జాతీయ హోదా ఇచ్చింది. మహిళల జట్లకు ఆరు నెలల ముందే ఇచ్చింది. దాంతో రికార్డుల పుస్తకం పల్చబడిందని కొందరి బాధ. ఆ హోదా ఇవ్వడమే సరైన పని అని నా నమ్మకం. లెక్కలోకి రాని ఆటలో ఎదుగుదల కనబడదు. 21కి కుప్పకూలిన టర్కీనే చూడండి. 2025 జూలైలో సోఫియాలో బల్గేరియా మీద ఆ దేశపు బ్యాటర్ ముహమ్మద్ ఫహద్ 29 బంతుల్లో వంద కొట్టాడు. పాత ఓటమి కూడా అదే పుస్తకంలో ఉంది కాబట్టే ఈ ఆరేళ్ల దూరం మనకు తెలుస్తోంది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్ మీద ఐల్ ఆఫ్ మ్యాన్ 10 పరుగులకే ఆలౌటయింది. స్పెయిన్ రెండు సిక్సర్లతో, రెండే బంతుల్లో ఆట ముగించింది. ఆ రోజు ఎంత కష్టంగా గడిచినా, అదీ వాళ్ల చరిత్రే.

ఇక ఎస్టోనియా సంగతి. 2024 జూన్ 17, సైప్రస్‌లోని ఎపిస్కోపి. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. మొదటిదాంట్లో ఎస్టోనియా బ్యాటర్ సాహిల్ చౌహాన్ డకౌట్. రెండోదాంట్లో సైప్రస్ 191 చేసింది. ఈసారి సాహిల్ 41 బంతులు ఎదుర్కొని 144తో అజేయంగా నిలిచాడు. అందులో 18 సిక్సర్లు. వంద పూర్తయింది 27వ బంతికి. 33 బంతులతో నమీబియా ఆటగాడు లాఫ్టీ ఈటన్ పేరిట ఉన్న రికార్డు ఒక్కసారిగా ఆరు బంతులు కిందికి దిగింది. ఎస్టోనియా పదమూడు ఓవర్లలోనే గెలిచింది. పొద్దున సున్నాకి వెనుదిరిగిన మనిషి సాయంత్రానికి ప్రపంచ రికార్డు పట్టుకెళ్లాడు.

ఈ జట్లలో మన ఉపఖండం పేర్లు ఎక్కువ కనిపించడానికి కారణం ఉంది. ఆ దేశపు పౌరసత్వం ఉన్నవాళ్లు, అక్కడ పుట్టినవాళ్లు, మూడేళ్లుగా అక్కడే స్థిరంగా నివసిస్తున్నవాళ్లు ఆడవచ్చని ఐసీసీ నిబంధన. ఉద్యోగానికో చదువుకో వచ్చి, వారాంతాల్లో క్లబ్బు క్రికెట్ ఆడేవాళ్లే చాలా దేశాల్లో జట్టుకు ఆధారం. ఆ క్లబ్బుల్లో మ్యాట్ పరిచేదీ, బౌండరీ చుట్టూ జెండాలు పాతేదీ ఆటగాళ్లే. ప్యాడ్లు విప్పిన బ్యాటరే కోటు తొడుక్కుని అంపైరింగ్‌కు వెళ్లాలి. ఇదంతా క్లబ్బు క్రికెట్ ఆడే కుర్రాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

విజయవాడలో పుట్టిన తేజ నిడమనూరు కూడా ఇలా వలస దారిలోనే నెదర్లాండ్స్ జట్టుకు చేరాడు. న్యూజిలాండ్‌లో పెరిగి, 2019లో నెదర్లాండ్స్ వెళ్లి, 2022లో ఆ దేశం తరఫున తొలి వన్డే ఆడాడు. 2023 జూన్‌లో హరారేలో జరిగిన ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో వెస్టిండీస్ 374 కొడితే, తేజ 76 బంతుల్లో 111 చేశాడు. మ్యాచ్ టై అయింది. సూపర్ ఓవర్‌లో లోగన్ వాన్ బీక్ 30 పరుగులు బాదాడు. రెండు సార్లు ప్రపంచకప్ గెలిచిన జట్టు ఓడిపోయింది.

అయితే వలస వచ్చినవాళ్ల మీదే ఆట ఎల్లకాలం నిలవదు. స్థానిక పిల్లలు బ్యాటు పట్టాలి. 2022 జూలైలో ఫిన్లండ్‌లో టీ20 ప్రపంచకప్ యూరప్ ఉపప్రాంతీయ క్వాలిఫయర్ జరిగింది. వాంటాలో స్విట్జర్లాండ్ మీద ఫ్రాన్స్ కుర్రాడు గుస్తావ్ మెకియన్ 109 కొట్టాడు. వయసు 18 ఏళ్ల 280 రోజులు. అంతర్జాతీయ టీ20ల్లో అంత చిన్న వయసులో సెంచరీ అంతకు ముందు ఎవరూ చేయలేదు. ఆ మ్యాచ్‌లో చేతిలో ఒకే వికెట్ మిగిలిన స్విట్జర్లాండ్ చివరి బంతికి గెలిచింది. తర్వాత నార్వే మీద మెకియన్ మళ్లీ వంద కొట్టాడు.

ఈ ఉపప్రాంతీయ పోటీలే టీ20 ప్రపంచకప్‌కు మొదటి మెట్టు. 2024 జూన్‌లో ఇటలీ రోమ్‌లో ఆ మెట్టు ఎక్కింది. 2025 జూలైలో ద హేగ్‌లో నెదర్లాండ్స్, స్కాట్లాండ్, జెర్సీ, గెర్న్సీలతో ప్రాంతీయ ఫైనల్స్. రెండు బెర్తులు. ఆస్ట్రేలియాకు టెస్టులు ఆడిన జో బర్న్స్, తల్లి వైపు మూలాలతో, అప్పుడు ఇటలీకి కెప్టెన్. స్కాట్లాండ్‌ను ఇటలీ 12 పరుగులతో ఓడించింది. ఎమీలియో గే అర్ధసెంచరీ చేస్తే, హ్యారీ మనెంటి అయిదు వికెట్లు తీశాడు. చివరి రోజు స్కాట్లాండ్ మీద జెర్సీ ఆఖరి బంతికి, ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. ఇటలీ నెదర్లాండ్స్ చేతిలో తొమ్మిది వికెట్లతో ఓడింది. ఇటలీ, జెర్సీ పాయింట్లు సమానం. నెట్ రన్‌రేట్‌లో ముందున్న ఇటలీకి 2026 ప్రపంచకప్ బెర్తు దక్కింది. పెద్ద టోర్నీల్లో అలవాటుగా కనిపించే స్కాట్లాండ్ ఆ రోజు వెనకబడిపోయింది.