క్రాస్‌మాగ్లెన్ రేంజర్స్

క్రాస్‌మాగ్లెన్ రేంజర్స్ ఉత్తర ఐర్లాండులోని ఆర్మా కౌంటీకి చెందిన గేలిక్ క్రీడల క్లబ్బు. ఇది 1887లో స్థాపించబడినది. గేలిక్ ఫుట్‌బాల్‌లో అఖిల ఐర్లాండు క్లబ్ ఛాంపియన్‌షిప్‌ను ఆరుసార్లు గెలుచుకున్నది. 2011 జనగణన నాటికి సుమారు 1,600 జనాభా మాత్రమే గల ఊరికి ఇది అసాధారణమైన ఘనత. క్లబ్బు రంగులు నలుపు, ముదురు పసుపు. మైదానము పేరు సెయింట్ ఆలివర్ ప్లంకెట్ పార్కు.

ఆట, క్లబ్బు వ్యవస్థ

గేలిక్ ఫుట్‌బాల్‌లో జట్టుకు 15 మంది ఆడుదురు. బంతిని చేతితో పట్టవచ్చును, కాలితో తన్నవచ్చును. గోలుస్తంభములు 'హెచ్' అక్షరము ఆకారములో ఉండును. అడ్డకర్ర క్రిందుగా బంతి వలలో పడినచో గోలు, అనగా 3 పాయింట్లు. పైగా పోయినచో 1 పాయింటు. 2025లో వచ్చిన నియమము ప్రకారము 40 మీటర్ల వంపుగీత ఆవలి నుండి అడ్డకర్ర పైగా కొట్టినచో 2 పాయింట్లు లభించును.

ఈ క్రీడలను నిర్వహించు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో థర్లెస్ పట్టణములో ఏర్పడినది. ఆటగాళ్లకు జీతములు లేవు. క్లబ్బులు సాధారణముగా పారిష్, అనగా ఒక చర్చి పరిధిలోని ప్రాంతము, ఆధారముగా ఏర్పడును. పుట్టి పెరిగిన ఊరి క్లబ్బు తరఫున ఆడుటయే ఆనవాయితీ. కనుక డబ్బిచ్చి బయటి ఆటగాళ్లను తెచ్చుకొని గెలుచుట ఇక్కడ కుదరదు.

సైనిక స్థావరము

క్రాస్‌మాగ్లెన్ ఐర్లాండు రిపబ్లిక్ సరిహద్దుకు అతి సమీపమున ఉన్నది. ఉత్తర ఐర్లాండు ఘర్షణల కాలములో ఈ ప్రాంతము ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి గట్టి పట్టుగా ఉండెడిది. 1970వ దశకములో బ్రిటిష్ సైన్యము మైదానమును ఆనుకొని స్థావరమును పటిష్ఠపరచి, క్లబ్బు స్థలములో కొంత భాగమును స్వాధీనము చేసుకొన్నది. మైదానము మీదుగా హెలికాప్టర్లు తక్కువ ఎత్తున ఎగురుచుండెడివి. స్థలము గూర్చిన వివాదము సంవత్సరముల తరబడి సాగినది. అయినను క్లబ్బు మరొక చోటికి తరలిపోలేదు. మైదానమును వదులుకొనిన ఊరినే వదులుకొన్నట్లని భావించిన వారికి అది సహజమే.

బ్రిటిష్ సైనికులకు, ఉత్తర ఐర్లాండు పోలీసులకు అసోసియేషన్‌లో సభ్యత్వము నిషేధించు 21వ నియమము 2001 నవంబరులో రద్దయినది. ఉత్తర ఐర్లాండులోని ఆరు కౌంటీలలో డౌన్ ఒక్కటే రద్దును సమర్థించినది, ఆర్మా వ్యతిరేకించినది. క్రాస్‌మాగ్లెన్ అనుభవమును ఎరిగినవారికి ఈ వైఖరి ఆశ్చర్యము కలిగించదు. ఉత్తర ఐర్లాండులో బ్రిటిష్ సైనిక చర్య 2007 జూలై 31న అధికారికముగా ముగిసినది.

విజయములు

స్థావరము ఇంకను మైదానము ప్రక్కనే ఉండగా, జో కెర్నన్ శిక్షణలో క్లబ్బు 1997లో నాక్‌మోర్ జట్టును ఓడించి తొలిసారి అఖిల ఐర్లాండు విజేతగా నిలిచినది. 1999లో బాలినా స్టీఫెనైట్స్‌పై ఒకే ఒక పాయింటు తేడాతో, 2000లో డబ్లిన్‌కు చెందిన నా ఫియన్నాపై గెలిచినది. తరువాత 2007, 2011, 2012లలోను టైటిలు దక్కినది. వీటిలో 2007, 2012 ఫైనళ్లు డ్రా అయినందున మరల ఆడవలసి వచ్చినది. 2009 ఫైనల్లో మాత్రము కిల్మకడ్ క్రోక్స్ చేతిలో ఓడినది. ఆర్మా కౌంటీ ఛాంపియన్‌షిప్‌ను 1996 నుండి 2008 వరకు వరుసగా 13 సార్లు గెలిచినది.

కెర్నన్ 1977లో ఆర్మా ఆటగాడిగా అఖిల ఐర్లాండు ఫైనల్లో రెండు గోల్స్ చేసినను జట్టు డబ్లిన్ చేతిలో ఓడినది. 2002లో ఆయన శిక్షణలోనే ఆర్మా కెర్రీని ఓడించి తొలిసారి కౌంటీల అఖిల ఐర్లాండు టైటిలు సాధించినది. ఆ ఫైనల్లో మొదటి సగములో పెనాల్టీ తప్పిన అషీన్ మెక్‌కాన్‌విల్ రెండవ సగములో కీలకమైన గోలు చేసెను. ఆయన ఈ క్లబ్బు ఆటగాడే. ఆర్మాకు రెండవ టైటిలు 2024లో లభించినది. ఆ జట్టులోని రియన్ ఓనీల్ కూడ క్రాస్‌మాగ్లెన్ ఆటగాడే.