ఒప్పులకుప్ప తిరిగే నక్షత్రం

పాలమూరు జిల్లా హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఏటా బోర్డు మీద 'గ్రహాలు' అని రాసి ఒకే బొమ్మ గీసేదాన్ని. సూర్యుడి దగ్గర చిన్న రాతి గ్రహాలు, దూరంగా గురుడు, శని లాంటి భారీ వాయు గ్రహాలు. కారణమూ చెప్పేదాన్ని: దగ్గర్లో వేడికి మంచు నిలవదు, రాయీ లోహమూ మాత్రమే మిగులుతాయి, దూరాన చలికి మంచు కూడా కలిసి పెద్ద ముద్దలై, చుట్టూ ఉన్న వాయువును లాక్కుంటాయి. ప్రతి నక్షత్రం దగ్గరా ఇంతేనని నేనూ నమ్మాను.

1995లో మిషెల్ మేయర్, డిడియర్ క్వెలోజ్ 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ ఒక గ్రహాన్ని కనుక్కున్నారు. బరువు గురుడిలో దాదాపు సగం. గురుడు సూర్యుణ్ని చుట్టడానికి పన్నెండేళ్లు పడితే, దీనికి నాలుగు రోజుల చిల్లర చాలు. బుధుడికన్నా ఎంతో దగ్గరగా, నిప్పుల కుంపటి పక్కన, అంత పెద్ద వాయు గ్రహం!

వాళ్లు దాన్ని నేరుగా చూడలేదు. ఇది చెప్పడానికి నేను ఇద్దరు ఆడపిల్లల్ని ఒప్పులకుప్ప తిరగమనేదాన్ని. పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అమ్మాయి చేతులు పట్టుకుని తిరిగితే చిన్నది పెద్ద చుట్టు చుడుతుంది. పెద్దదీ ఒక్కచోట నిలవదు, దాని కాళ్ల కింద మట్టిలో చిన్న వలయం పడుతుంది. నక్షత్రమూ అంతే. మనవైపు వచ్చేటప్పుడు దాని కాంతి రవ్వంత నీలం వైపు, వెనక్కి పోయేటప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. 51 పెగాసి ఊగే వేగం సెకనుకు యాభై మీటర్ల పైచిలుకు. యాభై కాంతి సంవత్సరాల అవతలి ఆ కదలికను వెలుగులోంచి ఏరి పట్టుకున్నారంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2019లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

మరి అది అక్కడికెలా చేరింది? దూరాన పుట్టి లోపలికి వలస వచ్చిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మాట. వలస అంటే ఏమిటో మా పాలమూరు పిల్లలకు వివరించనక్కర్లేదు.

ఇలాంటి వేడి గురుళ్లు నిజానికి అరుదు. అసలు ఆశ్చర్యం 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు చూపించింది: భూమికన్నా పెద్దవి, నెప్ట్యూన్‌కన్నా చిన్నవి అయిన గ్రహాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. మన సూర్యుడి ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదు.

రిటైరయ్యే ముందు చివరిసారి ఆ పాఠం చెప్పినప్పుడు పాత బొమ్మే గీశాను. పైన మాత్రం 'గ్రహాలు' అని రాయలేదు. 'మన సూర్యుడి గ్రహాలు' అని రాశాను.