తుంటి ఇంప్లాంట్: సిమెంటు పాతబడిందా?

ఇచ్ఛాపూర్ అనగానే మనవాళ్లు శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం అనుకుంటారు. నేను పనిచేస్తున్నది సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌లో. నిరుడు మా దగ్గర ఉండడానికి వచ్చిన అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. 74 ఏళ్ల మనిషి. తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. విరిగిన బంతి తీసేసి ఇంప్లాంట్ పెట్టాలని, దాన్ని సిమెంటుతో బిగిస్తామని సర్జన్ చెప్పారు. ఆ సాయంత్రమే ఊరి నుంచి ఫోన్లు: "సిమెంటు పాతకాలం పద్ధతిరా, సిమెంటు లేనిది వేయించు!" అది నిజమేనా అని డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఇది పనికొస్తుంది.

ఇంప్లాంట్ బంతికి కింద పొడవైన లోహపు కాడ ఉంటుంది. దాన్ని స్టెమ్ అంటారు. తొడ ఎముక లోపలి బోలులోకి దిగేది అదే. దాన్ని నిలబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది సిమెంటు. ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు, ఒక రకం అక్రిలిక్. 1960లలో ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ తుంటి మార్పిడిలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇది జిగురులా అంటించదు. స్టెమ్‌కూ ఎముకకూ మధ్య ఖాళీని నింపి, బరువును సమంగా పంచుతుంది.

రెండోది సిమెంటు లేని స్టెమ్. దీని పైతలం గరుకుగా ఉంటుంది. బోలులో బిగుతుగా కూర్చునేలా సుత్తితో కొట్టి దించుతారు. తరువాతి వారాల్లో, నెలల్లో ఎముక ఆ గరుకులోకి పెరిగి పట్టుకుంటుంది.

చిక్కంతా ఆ బిగుతులోనే ఉంది. ఇచ్ఛాపూర్‌లో వజ్రాల పార్కు ఉంది. లేజర్లు రాకముందు వజ్రాన్ని చీల్చాలంటే చిన్న గాడి చేసి, అందులో బ్లేడు ఆనించి ఒక్క దెబ్బ వేసేవారు. ఆ బ్లేడు వజ్రాన్ని కోయదు, రెండు పక్కలకూ నెడుతుంది. స్టెమ్ కూడా పైన లావుగా, కిందికి సన్నగా ఉంటుంది కాబట్టి దిగినకొద్దీ ఎముకను బయటికి నెడుతుంది. గట్టి ఎముక దాన్ని ఓర్చుకుంటుంది. వయసుతో గుల్లబారి, గోడలు పలచబడ్డ ఎముక ఆపరేషన్‌లోనో, తరువాత చిన్న తూలుకో చీలిపోవచ్చు. స్టెమ్ కూడా వదులైతే దాన్ని తీసి, మరో స్టెమ్ వేసి, ఎముకను తీగలతో కట్టాలి. ఆ వయసులో అది మొదటిదానికన్నా పెద్ద ఆపరేషన్.

తుంటి విరిగిన 60 ఏళ్లు దాటినవారు 1,225 మందిపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. స్టెమ్ చుట్టూ ఎముక విరగడం సిమెంటు వేసినవారిలో 0.5 శాతం, వేయనివారిలో 2.1 శాతం. ఇది చూశాక ఫోన్లకు జవాబు చెప్పడం తేలికైంది. అమ్మకు సిమెంటే వేశారు.

అయితే సిమెంటు లేనివన్నీ ఒకటి కావు. కొన్నింటికి మెడ దగ్గర కాలర్ ఉంటుంది. అది కోసిన ఎముక అంచుమీద ఆని, స్టెమ్‌ను కిందికి జారనివ్వదు. కాలర్ ఉన్నవాటితో తొలి నెలల్లో విరుగుళ్లు తక్కువ. సిమెంటుతో వేసేవాటిలోనూ తేడాలున్నాయి. నున్నగా మెరుగుపెట్టినవి సిమెంటులో కొద్దిగా దిగేలా తయారుచేసినవి. అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి గానీ, పడినప్పుడు ఎముక విరిగే అవకాశం వాటితో కాస్త ఎక్కువ. సిమెంటు నింపేటప్పుడు అరుదుగా రక్తపోటు పడిపోతుంది. అందుకే గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. వయసులో చిన్నవారికి, ఎముక గట్టిగా ఉన్నవారికి సిమెంటు లేనిదే తరచుగా ఎంచుకుంటారు.

కాబట్టి ఏ కంపెనీది, ఎంత ఖరీదు అనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎముక బలం ఎలా ఉంది? స్టెమ్‌ను ఎలా నిలబెడతారు? సిమెంటు లేనిదైతే కాలర్ ఉందా? డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. బిల్లులు మెడికల్ క్లెయిముకు పంపేముందు వాటి జిరాక్సు ఒకటి ఇంట్లో దాచండి. పదేళ్ల తరువాత ఎక్స్‌రే చూసే డాక్టరు మొదట అడిగేది లోపల ఉన్నది ఏ స్టెమ్ అనే.