గంటలు లెక్కగట్టే డాక్టర్ చదువు

మన దగ్గర డాక్టర్ చదువుకు తలుపు ఒక్కటే. ఇంటర్ అయినంక నీట్, 720 మార్కులు. ఏ రోగి పక్కన కూసున్నవని ఎవరూ అడగరు. అమెరికాల లెక్క వేరే. ముందుగాల నాలుగేండ్ల డిగ్రీ చదవాలె. మార్కులు, ఎంక్యాట్ పరీక్ష ఉంటయ్, అయినా పని అయిపోదు. చదువు బయట ఏం చేసినవో రాసియ్యాలె. చాలా ఎండీ కాలేజీలకు కలిపి ఒక్కటే దరఖాస్తు ఉంటది, అండ్ల 15 పనుల దాకా చూపొచ్చు. ఒక్కోదానికి ఎన్ని గంటలు పెట్టినవో రాయాలె. మూడింటిని ముఖ్యమైనయని ఎంచి ఎక్కువ చెప్పుకోవచ్చు.

గీ ముచ్చట మనకెందుకంటే, మనూర్ల నుంచి పోయినోళ్ల పిల్లలు అక్కడ గిదే తిప్పల పడుతున్నరు. 15 అనంగనే అన్ని గడులూ నింపాలని ఉరుకుతరు. క్లబ్బుల పేరు రాయించుకుంటరు, రెండు మీటింగులకు పోతరు, అంతే. నా లెక్కల అది దండుగ. వారానికి మూడు గంటలు ఒక్కటే వృద్ధాశ్రమంల పనిచేసిండనుకో. ఏడాదికి 40 వారాలు, మూడేండ్లకు 360 గంటలు. గా పిలగానికి ముసలోళ్ల పేర్లు, వాళ్ల నొప్పులు తెలుస్తయ్. ఇంటర్వ్యూల అడిగితే తడుముకోడు. డాక్టర్ ఎంబడి తిరిగి చూసుడు కూడా ఉండాలె గానీ, చూసుడు వేరు, రోగికి ఆసరా అయ్యుడు వేరు. పరిశోధన ఇష్టమున్నోళ్లు ల్యాబ్ల చేరాలె, లేనోళ్లు ఊరికే చేరితే ఏం లాభం?

ఇండ్ల అన్యాయం కూడా ఉన్నది. పైసలు రాని సేవ చెయ్యాలంటే ఇంట్ల పైసలుండాలె. హోటల్ల పళ్లాలు ఎత్తే పిల్ల, తనకు రాసెటందుకు ఏం లేదనుకుంటది. ఉన్నది! జీతం కొలువు కూడా గా 15ల లెక్కకొస్తది. అంబులెన్స్‌ల చేసినా, నర్సులకు సాయంగ చేసినా, దుకాణంల చేసినా రాసుకోవచ్చు.

ఇగ అసలు మాట. సెలవులకు వచ్చినోళ్లల్ల కొందరు మన ఊరి క్యాంపుల తెల్లకోటు ఏసుకొని సూది పట్టుకుంటమంటరు, ఫొటో దిగుతమంటరు. అక్కడ చెయ్యనియ్యని పని ఇక్కడ మన అవ్వ మీద ఎట్ల చేస్తరు? అక్కడి మెడికల్ కాలేజీల సంఘమే 2011ల మార్గదర్శకాలు ఇచ్చింది: శిక్షణ లేని పని బయటి దేశంల పోయి చెయ్యొద్దని. గట్ల చేస్తే వాళ్ల దరఖాస్తుకే దెబ్బ పడొచ్చు.

కాబట్టి తమ్మీ, చెల్లె, అట్లాంటోళ్లు వస్తే కసురుకోకుండ్రి. ఆశా అక్క ఎంబడి ఇల్లిల్లు తిప్పుండ్రి. షుగర్ గోలీలు ఎందుకు మానేసినవని అవ్వను అడగమనుండ్రి, చెప్పింది ఇనమనుండ్రి. సూది మాత్రం నర్సమ్మ చేతులనే ఉండాలె.