కటింగ్ చాయ్, బాపు లీవు కార్డు

బాపు మిల్లు కాయితాలు నలభై ఏళ్లుగా ఒకే రేకు డబ్బాలో ఉన్నాయి. వానాకాలంలో మా చాల్ కప్పు కారిన రోజుల్లోనూ వాటి మీద చుక్క నీళ్లు పడలేదు. తడిసింది మాత్రం ఏసీ ఆఫీసులో, నా టేబుల్ మీద!

లోయర్ పరేల్‌లో ఒకప్పటి మిల్లు జాగాలో లేచిన అంతస్తుల్లోనే నా ఉద్యోగం. ఆఫీసు మిషన్ మీద జిరాక్సు తీసుకుందామని డబ్బా వెంట తీసుకెళ్లాను. మిల్లు కార్మికుల ఇళ్ల పథకానికి 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పనిలో ఉన్నట్టు రుజువు కావాలని మన వాళ్లందరికీ తెలుసు. పెద్ద సమ్మె మొదలైంది ఆ నెల 18న. అందుకే ఆ నాటి లీవు కార్డు మా ఇంట్లో బంగారం కన్నా ఎక్కువ.

పదకొండింటికి కటింగ్ చాయ్ వచ్చింది. ఫోన్ మోగితే అందుకున్నాను. ఛార్జింగ్ వైరు గ్లాసును లాగింది. అంతే.

కంగారులో రుమాలుతో రుద్దేశాను. చాయ్ చేసిన నష్టం కొంచెమే, మిగతాదంతా నా చెయ్యి చేసింది. పెన్ను సిరాతో రాసిన చేరిన తేదీ నీలి మరకైపోయింది. పక్క సీటు అక్క నా చెయ్యి పట్టుకుంది. "తుడవకు, అద్దు!" అంది. ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి, పైనా కిందా తెల్లకాయితాలు పెట్టి నెమ్మదిగా నొక్కింది. అవి తడవగానే వేరేవి మార్చింది. ఎండలో పెట్టనివ్వలేదు, ఇస్త్రీ అసలే వద్దంది. ఫ్యాను గాలికే ఆరింది. పాలు, చక్కెర కదా, అంచులు కాస్త అట్టకట్టాయి. బాల్‌పెన్ను సిరా నూనెది కాబట్టి దాంతో రాసిన టికెట్ నంబరు చెక్కుచెదరలేదు. తేదీ మాత్రం పోయింది.

ఇంటికొచ్చి చెప్పడానికి గంట పట్టింది. బాపు కార్డును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"చాయ్ వాసనొస్తుంది. దీనికి మిల్లు నూనె వాసనుండె."

చేరిన తేదీ, ఆ రోజు వారంతో సహా నోటితో చెప్పాడు. నోటిమాట కౌంటర్లో చెల్లదని ఇద్దరికీ తెలుసు. కొంచెంసేపాగి, "సాంచ మీద గుడ్డకు మరక పడితె డ్యామేజి పీసు అనేటోళ్లం బిడ్డా. పక్కకు పెడ్తుండె. పారెయ్యకపోతుండె" అన్నాడు. నన్ను తిట్టి ఉంటేనే బాగుండేది.

మర్నాడు మిగిలిన ఇఎస్ఐ కార్డు, పిఎఫ్ చీటీలు, మరకపడ్డ లీవు కార్డు తీసుకుని వీధి చివరి జిరాక్సు దుకాణానికి వెళ్లాం. బాపు కూడా వచ్చాడు. ఒక్కో కాయితం తనే ఇచ్చి, తనే తిరిగి తీసుకున్నాడు. దుకాణం అబ్బాయి చాయ్ తాగుతారా అని అడిగితే, "గాడ బయట తాగుతం" అన్నాడు.