చక్రాల ఇంటికి చలి తగలకముందే...

మన ఊళ్లలో నీళ్లతో వచ్చే కష్టమల్లా నీళ్లు రాకపోవడమే. రెండు రోజులకోసారి వచ్చే కుళాయి కోసం బిందెలు వరస పెట్టుకోవడం, ట్యాంకరు వచ్చిందంటే పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తడం మనకి అలవాటే. కాని పైపు నిండా నీళ్లుండి, ఆ నీళ్లే రాయిలా బిగుసుకుపోయి పైపుని చీల్చేస్తాయంటే మన అమ్మమ్మలు నవ్వుతారు. లంబసింగిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతే మన పేపర్లలో అదో వార్త. అమెరికాలో డెన్వర్ చుట్టుపక్కల కాపురాలుంటున్న మా బోటివాళ్లకి అదేమీ వార్త కాదు. అక్టోబరు వచ్చిందంటే ఏ రాత్రి మంచు కురుస్తుందో చెప్పలేం.

ఇళ్లకేం ఫరవాలేదు. ఇక్కడి ఇళ్లు ఈ చలికి తగ్గట్టే కడతారు. చిక్కంతా చక్రాల ఇంటితోనే! క్యాంపర్ వ్యాన్ అంటారు దీన్ని. వ్యాన్‌లోనే పొయ్యి, సింకు, మడత మంచం, పిసరంత బాత్రూమ్. మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో కొందరు సొంతంగా కొనుక్కున్నారు, కొందరు ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకి తీసుకుంటారు. ఇండియా నుంచి అత్తామామలొచ్చినప్పుడు నాలుగు చోట్లు చూపించాలంటే ఇంతకంటే హాయి ఇంకోటి లేదు. హోటల్ గదిలో పప్పుకి తాలింపు పెట్టలేం కదా. వ్యాన్ అయితే ఆవకాయ సీసాతో సహా బయల్దేరచ్చు.

అయితే ఆ సింకులోకి నీళ్లు ఎలా వస్తున్నాయో ఒకసారి వంగి చూడాలి. మంచినీళ్ల ట్యాంకు ఒకటి. దాంట్లోంచి నీళ్లు తోడే 12 వోల్టుల చిన్న పంపు. వేడినీళ్ల హీటరు. వాడేసిన నీళ్లకి వేరే ట్యాంకు, టాయిలెట్‌కి ఇంకో ట్యాంకు. వీటన్నిటినీ కలుపుతూ మంచం కిందనించీ, అలమరల వెనకనించీ పాకే సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు. ఇంట్లో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి, ఒక్క దళసరి గోడలు తప్ప.

వాడని కుళాయిలోనూ నీళ్లే

మా వీధి చివర ఒంగోలు వదిన వాళ్లకి ఇలాంటి వ్యాన్ ఉంది. ఓ ఏడాది చలికాలం ముందు వాళ్లాయన పద్ధతిగానే ట్యాంకులన్నీ ఖాళీ చేశారు. లోపలి కుళాయిలన్నీ తిప్పి నీళ్లు వదిలేశారు. 'వెనక తలుపు దగ్గర బయట స్నానానికి ఓ కుళాయి ఉంది కదండీ, దాని సంగతేంటి?' అని వదిన అడిగిందట. 'దాన్ని మనం వాడనే లేదుగా' అన్నారట ఆయన.

మనం వాడకపోయినా దానిదాకా వెళ్లే గొట్టంలో నీళ్లు నిండే ఉంటాయి. ఏప్రిల్లో ట్యాంకు నింపి పంపు వేస్తే, కుళాయిలన్నీ మూసినా పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. ఎక్కణ్ణుంచి పోతున్నాయో కనుక్కునేసరికి వెనక అలమరా కింద నేల చెక్క నాని ఉబ్బిపోయింది. ఆ కుళాయి ఖరీదు ముప్పై డాలర్లు కూడా ఉండదు. నేల చెక్క మార్చడానికి మాత్రం ఆ వేసవికని దాచుకున్న డబ్బంతా పోయింది. వదిన వాళ్లమ్మగారు మొదటిసారి ఇక్కడికొచ్చిన వేసవి అది. ఆవిడ ఏ కొండా, ఏ లోయా చూడకుండానే ఆర్నెల్లూ ఇంట్లో కూచుని వెళ్లిపోయారు. ఇప్పటికీ ఆ మాట వస్తే వదిన మొహం చిన్నబోతుంది.

అందుకే చెప్పేది. వ్యాన్ పని మగవాళ్లదని పుస్తకం వాళ్ల చేతికిచ్చేసి ఊరుకోకండి. ఎన్ని కుళాయిలున్నాయో, ఏ మూల తడి ఉంటుందో రోజూ గిన్నెలు తోమేవాళ్లకే బాగా తెలుసు.

నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గాజు సీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి ఫ్రీజర్లో పెడితే ఏమవుతుందో తెలిసిందే కదా. గొట్టంలోనూ అంతే, కాకపోతే చిన్న తేడా ఉంది. ముందు ఒకచోట మంచు బిరడాలా తయారవుతుంది. అది పెరిగేకొద్దీ, దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీళ్లకి పోయే దారుండదు. ఒత్తిడి పెరిగి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. అంటే మంచు కట్టిన చోటే పగలాలని లేదు. ఇప్పటి ప్లాస్టిక్ గొట్టాలు కాస్త సాగి తట్టుకుంటాయి. తట్టుకోలేనివి మలుపుల్లో ఉండే బిగింపులు, పంపు, ఫిల్టరు గిన్నె, టాయిలెట్ వెనకుండే వాల్వు. సరిగ్గా చెయ్యి దూరని చోట ఉండేవీ అవే!

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో ఎన్నో ఇళ్లలో పైపులు పగిలి కప్పుల్లోంచి నీళ్లు కారాయి. అక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. అప్పుడు అందరూ చెప్పుకున్న చిట్కా, కుళాయి సన్నటి ధారగా వదిలి ఉంచమని. చిక్కుకున్న నీళ్లకి దారి దొరుకుతుంది కాబట్టి ఇంట్లో అది పనికొస్తుంది. వ్యాన్‌లో పనికిరాదు. ఉన్న ట్యాంకెడు నీళ్లూ తెల్లారేసరికి అయిపోతాయి, ఆ నీళ్లన్నీ పోయి కింద ట్యాంకు నిండిపోతుంది.

ముందు ఖాళీ, తర్వాత గులాబీ

చలికాలమంతా వ్యాన్ ఇంటి ముందే నిలబెట్టేటట్టయితే పని ఒక పూటలో అయిపోతుంది. ముందు హీటరు, గ్యాసుదీ కరెంటుదీ రెండు స్విచ్‌లూ ఆపేయాలి. నీళ్లు లేకుండా కరెంటు హీటరు పనిచేస్తే లోపలి కాయిల్ మాడిపోతుంది. నీళ్లు బాగా చల్లారేదాకా ఆగి, పంపు ఆపి, వేడినీళ్ల కుళాయి ఒకటి తిప్పి ఒత్తిడి పోనిచ్చాకే హీటరు కింది బిరడా విప్పాలి. తొందరపడి విప్పితే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. ఈ ఒక్క పనీ పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా చెయ్యండి.

ఆ తర్వాత మంచినీళ్ల ట్యాంకు వదిలేయడం, మురికి ట్యాంకులు వాటికోసం కేటాయించిన చోట ఖాళీ చేయడం. వ్యాన్ అడుగున గొట్టాలన్నిటికంటే పల్లంలో రెండు చిన్న మూతలుంటాయి, వేడినీళ్లదొకటి, చన్నీళ్లదొకటి. అవి తీసి, పైన కుళాయిలన్నీ తెరిచి పెడితే నీళ్లు వాటంతటవే దిగిపోతాయి. ఫిల్టరు ఉంటే దాన్ని తీసి గిన్నె ఖాళీ చెయ్యాలి.

ఇంత చేసినా మలుపుల్లో నీళ్లు మిగుల్తాయి. వాటికోసమే గులాబీ రంగు మందు. యాంటీఫ్రీజ్ అంటారు. మామూలు వ్యాన్‌కి రెండు మూడు గ్యాలన్లు చాలు. అంటే ఎనిమిది నుంచి పదకొండు లీటర్లు. ఇది కొనేటప్పుడు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని సీసా మీద రాసింది చదవండి. ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉండాలి. కార్ ఇంజన్లో పోసేదాంట్లో మామూలుగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది విషం. పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలూ కుక్కలూ ఇష్టంగా నాకేస్తాయి. రంగు చూసి పోల్చుకుందామంటే కుదరదు, కార్లలో పోసేవాటిల్లోనూ గులాబీ రంగువి ఉన్నాయి. షాపులో రెండూ ఒక్క వరసలోనే పేర్చి ఉంటాయి.

మందు పోసే ముందు హీటరుకి బైపాస్ తిప్పాలి. లేకపోతే ఆరు గ్యాలన్ల హీటరు మందంతా తాగేస్తుంది. పంపుకి నీళ్లొచ్చే వైపున చిన్న గొట్టం తగిలించి, దాని రెండో కొస మందు డబ్బాలో ముంచి, కింది మూతలు బిగించి, పంపు వేయాలి. దగ్గర కుళాయితో మొదలుపెట్టి చన్నీళ్లు, వేడినీళ్లు విడివిడిగా గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాలి. షవరు, టాయిలెట్, వదిన చెప్పిన ఆ బయటి కుళాయి కూడా! ఆఖర్న సింకు కింద వంపు గొట్టంలో ఓ కప్పు మందు పోస్తే సరి. సీసా మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని ఉంటుంది, అంటే మన లెక్కలో మైనస్ 45 పైచిలుకు. అది గొట్టం పగలకుండా కాపాడే హద్దు. ఆ మందు అంతకంటే చాలా ముందే సగ్గుబియ్యం జావలా అయిపోతుంది, అందుకు కంగారు పడక్కర్లేదు. అయితే గొట్టాల్లో నీళ్లు మిగిలి ఉంటే మందు పలచబడి ఆ హద్దు తగ్గిపోతుంది. అందుకే ముందు ఖాళీ చేయడం.

కొందరు మందు వద్దని కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తారు. మంచిదే. నలభై పౌండ్ల ఒత్తిడికి మించకుండా చూసుకోవాలి. టైర్లకి కొట్టినట్టు కొడితే చలి చేసే పని గాలే చేసేస్తుంది. గాలి కొట్టినా వంపు గొట్టాలకి మాత్రం మందు పోయాల్సిందే.

చలిలోనే బయల్దేరితే

డిసెంబరు సెలవుల్లో అందరికీ తీరిక దొరికితే వ్యాన్ ఇంట్లో ఉంచడానికి మనసొప్పదు. అమ్మేవాళ్లు 'నాలుగు కాలాలకీ పనికొస్తుంది' అంటారు. ఆ మాట నేనైతే పట్టించుకోను. మంచినీళ్ల ట్యాంకు లోపలుందా, కింద వేలాడుతోందా? మురికినీళ్లు వదిలే గొట్టం ఎటుంది? ఈ రెండూ అడిగితే చాలు. లోపలుంటే మనకి తగిలే వెచ్చదనమే నీళ్లకీ తగుల్తుంది. రాత్రిపూట హీటింగ్ తగ్గించకుండా, సింకు కింద తలుపులు తెరిచి పడుకోవాలి. ట్యాంకు కింద ఉంటే కరెంటుతో వేడెక్కే పట్టీలు అంటించాలి, అవి బ్యాటరీని గబగబా తాగేస్తాయి. క్యాంపుల్లో బయటి కుళాయికి ట్యూబు తగిలించి వదిలేయకుండా, ట్యాంకు నింపుకుని ట్యూబు తీసేసి లోపల పెట్టుకోవాలి. మురికినీళ్ల మూత కూడా మూసే ఉంచి, నిండాక ఒకేసారి వదలాలి. తెరిచి ఉంచితే బొట్టుబొట్టుగా కారే నీళ్లు గొట్టంలోనే మంచుదిమ్మలవుతాయి. అన్నం మెతుకులు, సాంబారు జిడ్డు సింకులో పోయకండి, కాగితంతో తుడిచేయండి.

యూరప్ వ్యాన్లలోనూ, ఇక్కడ కొన్నింట్లోనూ ట్రూమా హీటరు ఉంటుంది. దాని వాల్వు చలి సుమారు 3 డిగ్రీల సెల్సియస్‌కి దిగగానే కరెంటుతో పనిలేకుండా తెరుచుకుని హీటర్లో నీళ్లన్నీ నేలమీదికి వదిలేస్తుంది. మళ్లీ 7 డిగ్రీల దాకా వెచ్చబడితేగాని మూయనివ్వదు. తెలియనివాళ్లు వ్యాన్ కారిపోతోందని హడలిపోతారు. అది కాపాడేది హీటర్ని మాత్రమే సుమా, పంపునీ గొట్టాల్నీ కాదు.

గ్యాసు సంగతి కూడా చెప్పాలి. మనింటి సిలిండర్లో ప్రొపేనూ బ్యూటేనూ కలిసి ఉంటాయి. బ్యూటేను సున్నా దగ్గర గ్యాసుగా మారడం మానేస్తుంది. ప్రొపేను మైనస్ 42 దాకా మారుతూనే ఉంటుంది. చలి ప్రయాణానికి ప్రొపేనే నింపుకోవాలి. హీటింగ్ ఆగిపోయిందని పొయ్యి వెలిగించి తలుపులు బిగించుకుని పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దాన్ని కనిపెట్టే అలారం బ్యాటరీ బయల్దేరే ముందే నొక్కి చూసుకోండి. గొట్టాలు పగిలితే డబ్బుతో పోతుంది.

ఇవన్నీ ఎందుకు, మేం చేసే పని ఇంకా తేలిక. గొట్టాల్లో గులాబీ మందు అలాగే ఉంచేసి, నీళ్లు డబ్బాల్లో పట్టుకెళ్తాం. ఐదు గ్యాలన్ల డబ్బా అంటే 19 కిలోల బరువు, ఎత్తలేం కాబట్టి చిన్నవి నాలుగైదు. సిగ్గుపడక చెప్పుకోవాలంటే, బాత్రూమ్‌లో కాగితంతో సరిపెట్టుకోవడం మన పెద్దవాళ్ల వల్ల కాదు. ఓ డబ్బా, ఓ చెంబూ దానికే ప్రత్యేకం. ఒక గ్లాసెడు గులాబీ మందు టాయిలెట్ ట్యాంకులో పోస్తూ ఉంటే అది గడ్డకట్టదు. మా అత్తగారు మొదట ముక్కు మీద వేలేసుకున్నా, రెండో రోజుకి 'పల్లెటూళ్లో ఉన్నట్టే ఉందే' అన్నారు.

అంత జాగ్రత్తపడ్డా ఓ పొద్దున్న కుళాయి తిప్పితే నీళ్లు రాలేదనుకోండి. ముందు పంపు ఆపేయండి, బిగుసుకున్న పంపుని తిప్పితే కాలిపోతుంది. కుళాయి తెరిచే ఉంచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కుళాయి వైపు నుంచి మంచు వైపుకి మెల్లగా వెచ్చబెట్టుకుంటూ వెళ్లాలి. మంట పెట్టకూడదు. నీళ్లు కదిలాక బిగింపులన్నీ చేత్తో తడిమి చూడండి. చీలిక ఉంటే బయటపడేది అప్పుడే.

వసంతం రాగానే మంచినీళ్లు నింపి, గులాబీ రంగూ నురగా పోయేదాకా కుళాయిలన్నీ వదలాలి. పదిహేను గ్యాలన్లకి పావు కప్పు బ్లీచ్ లెక్కన కలిపి, గొట్టాలన్నిట్లోకీ ఎక్కించి, కొన్ని గంటలుంచి వదిలేసి, వాసన పోయేదాకా కడగాలి. హీటరు బైపాస్ వెనక్కి తిప్పడం మర్చిపోకండి. వేడినీళ్ల కుళాయి ముందు దగ్గినట్టు గాలి వదుల్తుంది. ధార తెగకుండా వచ్చాకే హీటరు స్విచ్ వేయండి.