వేపపువ్వుకు బదులేమిటి?

పోయిన ఉగాదికి ముందురోజు న్యూజెర్సీ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, బెల్లం ఉంది, చింతపండు ఉంది, మామిడికాయ కూడా దొరికింది. వేపపువ్వే లేదు. చేదు కోసం మెంతులు వేసెయ్యనా?" అని అడిగింది. మంచు కురిసే చోట వేపచెట్టు బతకదు. ఇక్కడ ఉయ్యూరులో మా వీధి చివరి చెట్టు కింద తెల్లారేసరికి నేలంతా తెల్లగా పువ్వు రాలి ఉంటుంది. చెట్టు కింద పాత చీర పరిచి, రాలిన పువ్వులో పుల్లలు ఏరేసి నీడన ఆరబెడితే, ఏడాది పొడుగునా చారుకూ పొడికీ సరిపోతుంది. చేదు చేదే కదా అనుకుని, "వేసెయ్యమ్మా" అన్నాను.

మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. "పచ్చడి తింటుంటే ఆవకాయ జాడీ మూత తీసినట్టుంది అన్నయ్యా!"

తప్పు నాదే. మెంతుల్లో చేదుతో పాటు సోటొలోన్ అనే వాసన పదార్థం ఉంటుంది. మన ముక్కుకు అది ఊరగాయ వాసన. అమెరికాలో అట్ల మీద పోసుకునే మేపుల్ పాకం వాసనలోనూ అలాంటిదే తగులుతుంది. వేపపువ్వుది వేరే వాసన, తేనెకు దగ్గరగా ఉండే లేత పరిమళం. మనం 'రుచి' అనే మాటలో సగం ముక్కు పనే. మెంతి గింజను ముక్కు మూసుకుని నమిలి చూడండి, ఉత్త చేదే తగులుతుంది. ముక్కు వదిలిన క్షణానే అది మెంతి అవుతుంది.

పానీయాలు కలిపేవాళ్లకు ఈ చిక్కు పాతదే. 1837లో అల్జీరియాలో గాయెతాన్ పికాన్ అనే ఫ్రెంచి ఆయన నారింజ తొక్క, జెన్షియన్ వేరు, సింకోనా బెరడు కలిపి 'అమెర్ పికాన్' అనే చేదు మద్యం తయారుచేశాడు. పాత కాక్‌టెయిల్ పుస్తకాల్లో దాని పేరు కనిపిస్తుంది గానీ అమెరికా దుకాణాల్లో చాలాకాలం సరుకు దొరకలేదు. అక్కడి బార్టెండర్లు ఏం చేసేవారంటే, దొరికే ఇంకో చేదు మద్యం తీసుకుని, అందులో తక్కువైన నారింజ తొక్క వాసనను విడిగా చేర్చేవారు. సీసాకు సీసా బదులు పెట్టకుండా, చేదును ఒకచోట నుంచీ వాసనను ఇంకోచోట నుంచీ తెచ్చుకునేవారు. నేను మా చెల్లెలికి ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక చేదు సంగతి. తీపిని పట్టడానికి మన నాలుకకు ప్రధానంగా ఒక్క రకం గ్రాహకం చాలు. చేదుకు మాత్రం దాదాపు 25 రకాలున్నాయి. విషాల్లో చాలామటుకు చేదుగానే ఉంటాయి గనక ప్రకృతి ఇంతమంది కాపలాదారులను పెట్టిందని శాస్త్రజ్ఞులు అంటారు. కాపలా అందరి నాలుకపైనా ఒకేలా ఉండదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో పీటీసీ అనే పొడిని సీసాలో పోస్తుంటే కాస్త గాలిలోకి లేచింది. పక్కనున్న ఆయన "అబ్బా, చేదు!" అన్నాడు. ఫాక్స్ నాలుకకు ఏమీ తెలియలేదు. ఆ తేడాకు కారణం ఒక చేదు గ్రాహకపు జన్యువులో ఉందని 2003లో తేలింది. ఒకే గిన్నెలోని పచ్చడిని ఇంట్లో ఒకరు చప్పరిస్తే ఇంకొకరు మొహం చిట్లించడానికి ఇలాంటి తేడాలూ ఒక కారణం. పిల్లల్ని కోప్పడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

వేప చేదుకు మూలం లిమనాయిడ్లు అనే పదార్థాల కుటుంబం. వాటిలో నింబిన్‌ను 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి విడదీశారు. ఈ కుటుంబం మన ఇంట్లో ఇంకోచోట కూడా ఉంది. బత్తాయిని గింజలతో సహా మిక్సీలో వేసి, ఆ రసాన్ని గంటసేపు వదిలేయండి. తీసినప్పుడు తియ్యగా ఉన్నది తర్వాత చేదెక్కుతుంది. పండులో ముందు చేదులేని రూపంలో ఉన్న పదార్థం రసంలోని పులుపు తగిలి లిమనిన్‌గా మారుతుంది. అదీ లిమనాయిడే. వేప, నారింజ, బత్తాయి, పంపర పనస వృక్షశాస్త్రం ప్రకారం దూరపు చుట్టాలు. నారింజ గింజ వేపకు ఆ వరసన బంధువు, మెంతి గింజ పరాయిది.

కాకరకాయ చేదు ఇంకో తెగకు చెందింది. పైగా పచ్చికూర వాసనతో వచ్చి నాలుక మీద చాలాసేపు కూర్చుంటుంది. పచ్చడికి పనికిరాదు. వేపాకు వేస్తే చేదు మోటుగా ఉంటుంది, పువ్వు పరిమళం ఉండదు.

పచ్చడిలో ఉప్పు పాత్రను మనం తక్కువగా చూస్తాం. 1997లో బ్రెస్లిన్, బోషాంప్ అనే పరిశోధకులు చేదు, తీపి కలిపిన నీళ్లలో సోడియం లవణం వేసి రుచి చూపించారు. చేదు తగ్గింది, దాని కింద అణిగి ఉన్న తీపి పైకొచ్చింది. మీరూ చూడొచ్చు. రాత్రి మెంతులు నానబెట్టిన నీళ్లు పొద్దున రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చిటికెడు ఉప్పు వేసి రుచి చూడండి. అందుకే పచ్చడిలో చేదు ఎక్కువైందనిపిస్తే మా అమ్మ బెల్లం డబ్బా ముట్టుకునేది కాదు. రెండు రాళ్ల ఉప్పు వేసి మళ్లీ కలిపేది. మా ఊరు చెరకు ఊరే, బెల్లానికి కొదవ లేదు. అయినా ఆమె చెయ్యి ఉప్పు మీదికే వెళ్లేది.

ఇదంతా కూడగట్టుకుని ఈసారి మా చెల్లెలికి చెప్పింది ఇది. నారింజ గింజలు రెండు మూడు కచ్చాపచ్చాగా దంచి చింతపండు రసంలో గంటసేపు ఉంచి వడకట్టు. చేదు చాలకపోతే నారింజ తొక్క లోపలి తెల్లపొర ఒక పిసరు సన్నగా తరిగి వెయ్యి. పరిమళం కోసం చివర్లో తేనె అర చెంచా. ఉప్పు కొంచెం కొంచెంగా, రుచి చూస్తూ. అచ్చం వేపపువ్వు పచ్చడి అని చెప్పను గానీ, ఆవకాయ వాసన మాత్రం రాదు. ఇండియన్ దుకాణంలో ఎండు వేపపువ్వు దొరికితే ఇవేవీ అక్కర్లేదు. నేతిలో కాస్త వేయించి వేసుకుంటే చాలు.

రెండు జాగ్రత్తలు. చేదు కోసం వేపనూనె ఎప్పుడూ వాడకండి, చిన్నపిల్లలకు అది ప్రమాదం. సొరకాయ, దోసకాయ లాంటివి కోసినప్పుడు ముక్క చేదుగా తగిలితే, బెల్లంతోనో ఉప్పుతోనో ఆ చేదును కప్పే ప్రయత్నం చేయకండి. అది విషపు చేదు. కాయంతా పారేయండి.